‘ఐ, క్లాడియస్’ పదిమందితో కలిసి చూడటం ఎట్లా: వరసల పటం, ఆపే చోట్లు, మాటల పుస్తకం

రోమ్ చక్రవర్తుల కుటుంబం మీద 1976లో బీబీసీ తీసిన టీవీ ధారావాహిక ‘ఐ, క్లాడియస్’ను నల్లగొండలోనో పాలమూరులోనో ఒక గదిలో పదిమందిని కూచోబెట్టి చూపిస్తే, రెండో వారానికే ఒక మాట వినబడుతుంది: ‘‘బోరు కొడుతుంది.’’ ఆ ఒక్క మాటే మాటల పుస్తకంలోకి (చూసినవాళ్ల స్పందనలు రాసుకునే నోట్‌బుక్) ఎక్కించి వదిలేయొద్దు. ఎక్కడ బోరు కొట్టిందో అడగండి. ‘‘ఆ లావుపాటాయన ఎవరి కొడుకు? ఈ పిల్లను మొదలు ఒకనికిచ్చిరి, మళ్ల ఇంకోనికెట్ల ఇచ్చిరి?’’ అని మొదలవుతుంది. అది విసుగు కాదు, వరస అందకపోవడం. ఈ ధారావాహికలో హత్యలన్నీ వరస మీదే నడుస్తాయి. ఎవరు పోతే గద్దె ఎవరికి దగ్గరవుతుందో తెలియకపోతే, విషం పెట్టే చెయ్యి ఎదురుగా కనబడ్డా గుండె ఝల్లుమనదు. అందుకని ముందు గోడ మీద వరసల పటం పడాలి, ఆ తర్వాతే టీవీ పెట్టాలి.

ఇక్కడ రాసింది 8 నుంచి 15 మంది బృందం కోసం. చూడటంతో సరిపెట్టకుండా, చూసినవాళ్లు ఏమన్నారో పద్ధతిగా రాసి పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ఎపిసోడ్ల లెక్క, ఆదివారాల లెక్క

రాబర్ట్ గ్రేవ్స్ నవలలను జాక్ పుల్మన్ టీవీకి రాశాడు, హెర్బర్ట్ వైజ్ దర్శకుడు. బీబీసీ 2లో 1976 సెప్టెంబర్ 20న మొదలై డిసెంబర్ 6న ముగిసింది. భాగాలు 13, ఒక్కోటి సుమారు 50 నిమిషాలు. మొదటి రెండు భాగాలు ప్రసారమైనప్పుడు కలిపి ఒకే రాత్రి వచ్చాయి. ఇక్కడే మొదటి తికమక. కొన్ని చోట్ల ఆ రెంటినీ ఒకటిగా లెక్కేసి మొత్తం 12 అంటారు, కొన్ని చోట్ల 13 అంటారు. ‘‘ఐదో ఎపిసోడ్’’ అని పుస్తకంలో రాసుకుంటే తర్వాత ఏది ఐదో తెలియదు. కాబట్టి అంకె రాయొద్దు, పేరు రాయండి: ‘పాయిజన్ ఈజ్ క్వీన్’, ‘క్వీన్ ఆఫ్ హెవెన్’ అని. ఈ వ్యాసంలో అంకెలు వచ్చినచోట అవి 13 లెక్కలోవి.

రోజూ ఒకటి చూస్తే పేర్లు కలగాపులగం అవుతాయి, వారానికి ఒక్కటే చూస్తే మూడు నెలలు పడుతుంది, మనుషులు జారిపోతారు. ఎనిమిది ఆదివారాలు సరైన లెక్క. మొదటి వారం 1, 2. రెండో వారం 3, 4. మూడో వారం 5 ఒక్కటే. నాలుగో వారం 6, 7. తర్వాత 8 ఒక్కటి, 9 ఒక్కటి. ఏడో వారం 10, 11, చివరి వారం 12, 13. ఐదు, ఎనిమిది, తొమ్మిది ఒంటరిగా పెట్టడానికి కారణం ఉంది: అవి చూశాక జనం మాట్లాడకుండా లేవరు. వాటి వెనకాల ఇంకొకటి తగిలిస్తే ఆ మాటలు పోతాయి. బతుకమ్మ తొమ్మిది రోజులు మధ్యలో వచ్చేట్టు మొదలుపెట్టొద్దు. రెండు వారాలు తెగితే వరసలు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే.

తెర, చప్పుడు, కరెంటు

బొమ్మ పాత టీవీ కొలతది, 4:3. ఇప్పటి టీవీలు దాన్ని అడ్డంగా సాగదీసి నింపుతాయి. ముఖాలు రొట్టెల్లా వెడల్పవుతాయి. అగస్టస్ చక్రవర్తిగా వేసిన బ్రయన్ బ్లెస్సెడ్ అసలే భారీ మనిషి, సాగదీస్తే అగస్టస్ కాస్తా నవ్వులపాలవుతాడు. రిమోట్‌లో పిక్చర్ సైజు లేదా ఆస్పెక్ట్ అన్నచోటికి పోయి 4:3 పెట్టండి, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే అదే సరైనది. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీతో చూపిస్తుంటే, ఎవరైనా చెయ్యి ఊపినప్పుడు దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడొచ్చు. వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేస్తే పోతాయి. డీవీడీ అయితే రీజియన్ చూసుకోండి. బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, మన దేశానిది 5. తాళం ఉన్న ప్లేయర్లో అది తిరగదు. ఆ సంగతి ఆదివారం సాయంత్రం, మనుషులు కూచున్నాక తెలిస్తే చేసేదేమీ ఉండదు, ముందురోజే ఐదు నిమిషాలు తిప్పి చూడండి.

ప్రొజెక్టర్ ఉంది కదా అని గోడంత బొమ్మ వేయొద్దు. ఇది స్టూడియోలో వీడియో టేపు మీద తీసినది, పెద్దగా చేస్తే మసకబారుతుంది. 6 అడుగుల వెడల్పు చాలు. మామూలు ప్రొజెక్టర్‌ను దానికి 9 అడుగుల దూరంలో పెడితే సరిపోతుంది. నిజానికి 15 మంది లోపైతే 43 అంగుళాల టీవీయే మేలు, ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది. 150 ఏహెచ్ బ్యాటరీ మంచిగుంటే టీవీ, ఒక ఫ్యాను, ఒక స్పీకరు కలిపి రెండు ఎపిసోడ్లకు ఢోకా లేదు. ప్రొజెక్టర్ అంతకు రెండు మూడింతలు తాగుతుంది.

చప్పుడు సంగతి ఇంకా ముఖ్యం. ఇందులో యుద్ధాల్లేవు, గుర్రాల పరుగుల్లేవు, అంతా మాటలే. టీవీలో సినిమా మోడ్ పెడితే కింది శబ్దం పెరిగి మాట ముద్దవుతుంది. స్పీచ్ లేదా న్యూస్ మోడ్ పెట్టండి. స్పీకరును జనం వెనక కాకుండా తెర కిందే పెట్టాలి. ఎండాకాలం డాబా మీద చూడాలంటే ఏడున్నర దాటాకే మొదలుపెట్టాలి, పక్క వీధిలో పెళ్లి బ్యాండు లేని రోజు చూసుకోవాలి.

‘‘ఇదేంది, నాటకం లెక్కున్నది’’ అని మొదటి పావుగంటలో ఎవరో ఒకరు అంటారు. నిజమే, అది నాటకమే. ఆ మాట వాళ్లనకముందే చెప్పేయండి: గ్లాడియేటర్ల ఆట చూపరు, ఆట చూస్తున్న రాజుల ముఖాలే చూపుతారు, బయటి జనం అరుపు మాత్రం వినబడుతుంది. ముందే తెలిస్తే జనం సెట్టు వంక చూడటం మానేసి ముఖాల వంక చూస్తారు. దూరదర్శన్ ‘మహాభారత్’ చూసి పెరిగినవాళ్లకు ఇది ఇబ్బందే కాదు. కుర్రవాళ్లకే కాస్త అలవాటు చెయ్యాలి.

వరసల పటం

22 బై 28 అంగుళాల చార్టు షీట్లు రెండు, అంటించి పీకే వీలున్న చీటీలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు. గీతలు గీసి పేర్లు రాసేయొద్దు. చీటీలే అంటించాలి, ఎందుకంటే ఈ కుటుంబంలో పెళ్లాలు, మొగుళ్లు మారుతుంటారు. గీసిన గీత చెరపడానికి రాదు.

అగస్టస్ నెత్తురు పచ్చ, ఆయన భార్య లివియా నెత్తురు ఎరుపు. ఇద్దరికీ కలిసి పిల్లలు లేరు, అదే ఈ కథంతటికీ మూలం. అగస్టస్‌కు ముందటి భార్యతో బిడ్డ జూలియా. లివియాకు ముందటి భర్తతో కొడుకులు టైబీరియస్, డ్రూసస్. అగస్టస్ అక్క ఆక్టేవియా సంతానం కూడా పచ్చలోకే వస్తుంది. డ్రూసస్‌కు, ఆక్టేవియా బిడ్డ అంటోనియాకు పుట్టిన ముగ్గురూ - జెర్మానికస్, లివిల్లా, క్లాడియస్ - రెండు రంగులవాళ్లు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం కథ అర్థమైనట్టే. లివియా పని ఏమిటంటే, పచ్చ చీటీలను ఒక్కొక్కటే తీసేసి ఎర్ర చీటీని పైకి తేవడం.

మొదటి రాత్రికి పదకొండు పేర్లు చాలు: అగస్టస్, లివియా, ఆక్టేవియా, మార్సెల్లస్, జూలియా, అగ్రిప్పా, టైబీరియస్, విప్సేనియా, డ్రూసస్, అంటోనియా, కథ చెప్పే ముసలి క్లాడియస్. మిగతావి వచ్చినప్పుడు అంటించండి. నీరో వరకు మొత్తం కుటుంబాన్ని మొదటి రోజే గోడకెక్కించడం చాలామంది చేసే తప్పు. దాంతో ఎవరు బతికి ఉంటారో, ఎవరు గద్దెనెక్కుతారో ముందే బయటపడుతుంది, ఊహించే సరదా పోతుంది. చనిపోయినవాళ్ల చీటీ పీకొద్దు, తిరగేసి అంటించండి. ఐదో ఎపిసోడ్ అయ్యేసరికి గోడ మీద పేర్ల కన్నా ఖాళీ వీపులే ఎక్కువుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు కథ చెప్పాల్సిన పని కూడా ఉండదు.

వరసలను ఇంగ్లిష్‌లో చెప్పొద్దు. అంకుల్, కజిన్ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. మన మాటల్లో చెప్తే తప్పొప్పులు వాళ్లే పట్టేస్తారు. మార్సెల్లస్ అగస్టస్‌కు అక్క కొడుకు, అంటే జూలియాకు మేనబావ. ఆ పెళ్లి దగ్గర ఎవరూ ఉలిక్కిపడరు, మేనరికమే కదా అంటారు. తర్వాత జూలియాను అగ్రిప్పాకిస్తారు. ఆ అగ్రిప్పా మొదటి భార్య బిడ్డ విప్సేనియా టైబీరియస్ భార్య. అగ్రిప్పా పోయాక టైబీరియస్‌తో విప్సేనియాను విడిపించి జూలియాకు ముడిపెడతారు. పటం ముందు నిలబడి వేలు పెట్టి చూపించండి: మామ భార్య, అంటే అత్త వరస. పైగా తల్లి పెళ్లాడిన మనిషి బిడ్డ, అంటే చెల్లెలి వరస. టైబీరియస్ ఎందుకంత మొహం మాడ్చుకొని తిరుగుతాడో ఇక వేరే చెప్పక్కరలేదు.

లివిల్లాను టైబీరియస్ కొడుకు కాస్టర్‌కిచ్చినప్పుడు గదిలో తప్పకుండా కదలిక వస్తుంది. అన్నదమ్ముల పిల్లలు! ‘‘చిన్నాయన బిడ్డను చేసుకునుడేంది?’’ రోమ్‌లో అది తప్పు కాదు. చివరి ఎపిసోడ్‌లో క్లాడియస్ అగ్రిప్పినిల్లాను పెళ్లాడటం మాత్రం అక్కడా తప్పే. అన్న జెర్మానికస్ బిడ్డ, కూతురు వరస. క్రీ.శ. 49లో దానికోసం ప్రత్యేకంగా అనుమతి పుట్టించారు. ఇక్కడొక చిత్రం ఉంది, ఆపి చెప్పదగినది. వాళ్ల చట్టం అన్న బిడ్డను చేసుకోవడానికి ఒప్పుకుంది గానీ అక్క బిడ్డను చేసుకోవడం నిషేధంగానే ఉంచింది. మనకు పూర్తిగా తలకిందులు: మన దగ్గర అక్క బిడ్డ మేనకోడలు, పిల్లనిచ్చే వరస. అన్న బిడ్డ అంటే చెవులు మూసుకుంటారు. పెద్దవయసు ఆడవాళ్లు ఉన్న బృందంలో ఈ ఒక్క విషయం మీద అరగంట నడుస్తుంది. నడవనివ్వండి. అగ్రిప్పినిల్లా కొడుకు నీరోను క్లాడియస్ దత్తత తీసుకున్నాక, క్లాడియస్ కూతురు ఆక్టేవియా (అగస్టస్ అక్క కాదు, ఈమె వేరే) అతనికి చెల్లెలయ్యింది, అందుకని ఆమెను ఇంకో ఇంటికి దత్తత ఇప్పించి పెళ్లి చేశారు. వరస తప్పించడంలో అందరూ అందరే.

పేర్ల చిక్కు విప్పడానికి ఒక కిటుకు: చివర ‘ఇల్లా’ ఉంటే ‘చిన్న’ అని. లివిల్లా అంటే చిన్న లివియా, అగ్రిప్పినిల్లా అంటే చిన్న అగ్రిప్పీనా. కాలిగ్యులా అంటే చిన్న బూటు. సైనికుల మధ్య పెరిగిన పిల్లాడికి పెట్టిన ముద్దుపేరు, అసలు పేరు గాయస్. టైబీరియస్ కొడుకు అసలు పేరు కూడా డ్రూససే. ఇద్దరు డ్రూసస్‌లతో తికమక లేకుండా కాస్టర్ అని పిలుస్తారు. చీటీ మీద తెరలో పిలిచే పేరే రాయండి, చరిత్ర పుస్తకంలో పేరు రాయొద్దు.

భాష రానివాళ్లుంటే

ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు అందరికీ పెట్టాల్సిందే, వచ్చినవాళ్లకు కూడా. అవీ అందనివాళ్లు ఉంటే ఒకరు పక్కన కూచొని గుసగుసగా చెప్పడం పనిచేయదు, ఇద్దరికీ నష్టం, చుట్టుపక్కలవాళ్లకు చిరాకు. 12 నిమిషాలకొకసారి ఆపి, ఒక్క నిమిషంలో ఐదు వాక్యాలు చెప్పండి. జరిగింది మాత్రమే చెప్పాలి. ‘‘ఈమె దుర్మార్గురాలు’’ అని మీరన్నారంటే వాళ్ల స్పందన మీ స్పందనే అవుతుంది. ఎపిసోడ్‌కు ఎపిసోడ్‌కు మధ్య ఏళ్లు దూకుతాయి, కాబట్టి మొదట్లో పలక మీద సంవత్సరం రాసి తెర పక్కన పెట్టండి.

ఆపే చోట్లు

అన్నిచోట్లా ఆపితే నాటకం చస్తుంది. ఎపిసోడ్‌కు ఒక్కచోటు, మహా అయితే రెండు.

మూడో ఎపిసోడ్‌లో అగస్టస్ కుర్రాళ్లనూ పెద్దలనూ వరసగా నిలబెట్టి, తన బిడ్డతో పడుకున్నావా అని ఒక్కొక్కణ్ణే అడుగుతాడు. మొదటి ఇద్దరి దగ్గర గది నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో నిమిషం రాసుకోండి. అప్పుడు కాకుండా ఎపిసోడ్ అయ్యాక అడగండి, నవ్వు ఎందుకాగిందని. అదే ఎపిసోడ్‌లో గద్దల కొట్లాటలోంచి తోడేలు పిల్ల చిన్న క్లాడియస్ చేతుల్లో పడుతుంది. శకునం చెప్పే మనిషి మాట మన పెద్దవాళ్లకు వివరించనక్కరలేదు, ముందుకు వంగి వింటారు.

ఈ ఎపిసోడ్‌కే ఒక బొమ్మ అచ్చేసి పెట్టుకోండి. అగస్టస్ వెండి దీనారం. 4 గ్రాముల లోపు, బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. ఒకవైపు ఆకుల దండ కట్టిన అగస్టస్ తల. రెండోవైపు ఇద్దరు కుర్రాళ్లు టోగాలు కప్పుకొని నిలబడి ఉంటారు, మధ్యలో రెండు డాళ్లు, రెండు ఈటెలు. వాళ్లే గాయస్, లూసియస్, జూలియా కొడుకులు, అగస్టస్ దత్తత తీసుకున్న వారసులు, ఈ కథలో బతకనివాళ్లు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ దగ్గర ముద్రించిన ఈ నాణెం మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో చాలా ఎక్కువగా కనబడుతుంది. దాని తర్వాత టైబీరియస్‌ది: వెనకవైపు కుర్చీలో కూచున్న ఒక ఆడమనిషి, లివియా పోలికే అని చాలామంది అంటారు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల నిధిలో ఈ ఇద్దరు చక్రవర్తుల నాణేలున్నాయి. ఆ అచ్చు కాగితం చేతులు మారుతుంటే రోమ్ కథ ఎక్కడో దూరాన జరిగిందన్న భావం తగ్గుతుంది. అయితే ఎపిసోడ్‌కు ముందు చూపొద్దు, ఆ కుర్రాళ్లు వారసులని తెలిశాకే చూపాలి.

నాలుగో ఎపిసోడ్‌లో గ్రంథాలయంలో పోలియో అనే ముసలి చరిత్రకారుడు క్లాడియస్‌కు చెప్పే సలహా దగ్గర ఆపొచ్చు: కుంటు ఇంకా పెంచు, నత్తి ఇంకా పెంచు, ఎడ్డోనిలా ఉంటేనే బతుకుతావు. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే, ఇప్పటిదాకా చూసిన నత్తిలో ఎంత నిజం, ఎంత నటన?

ఐదో ఎపిసోడ్‌లో మాత్రం అస్సలు ఆపొద్దు. అగస్టస్ మంచంలో ఉంటాడు, కెమెరా ఆయన ముఖం మీదే నిమిషాల తరబడి నిలబడుతుంది, లివియా గొంతు పక్కనుంచి వినబడుతుంది. ఎప్పుడు ప్రాణం పోయిందో చూసేవాళ్లే కనిపెట్టుకోవాలి. తర్వాత ఆమె బయటికొచ్చి కొడుకుతో అంజీర పళ్లు ముట్టుకోవద్దంటుంది. ఆ మాటకు ముందు ఎవరైనా దగ్గినా, బెల్లు మోగినా మొత్తం పోతుంది. ఫోన్లు పక్క గదిలో పెట్టించండి, ఫ్యాన్ చప్పుడు చేసేదైతే తగ్గించండి. తినేవి కూడా ఆ రోజు మెత్తనివే: సర్వపిండి, మక్క గారెల కరకర ఇక్కడ పనికిరాదు. ఎండు అంజీరలు పంచే సరదా ఉంటే పేర్లు పడ్డాకే పళ్లెం బయటికి తీయండి. ముందే పెడితే తెలివైనవాళ్లు కథ పట్టేస్తారు.

ఏడో ఎపిసోడ్ అసలైన పరీక్ష. ఇన్ని ప్రాణాలు తీసిన లివియా మరణభయంతో, తనను దేవతను చేస్తానని మాటివ్వమని క్లాడియస్‌ను బతిమాలుతుంది. దేవతైతే నరకం తప్పుతుందని ఆమె ఆశ. మూడో వారం ‘‘ఈమెకు మంచి చావు రావద్దు’’ అన్నవాళ్లు ఇక్కడ ఏమంటారో చూడాలి. కొందరు మెత్తబడతారు, కొందరు ఇంకా గట్టిపడతారు. కైకేయితో పోల్చేవాళ్లుంటారు. ఆ పోలిక మీద వాదన పెరగనివ్వండి, ఎందుకంటే కైకేయి అడిగింది నలుగురికీ తెలిసేట్టు, లివియా ఎన్నడూ అడగదు. లివియాగా వేసిన సియాన్ ఫిలిప్స్‌కు ఈ పాత్రకు బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డు వచ్చింది, క్లాడియస్‌గా వేసిన డెరెక్ జాకోబికి కూడా ఈ ధారావాహికకే వచ్చింది. ఆ సంగతి వాళ్లు మాట్లాడటం అయ్యాక చెప్పండి. ముందే చెప్తే అందరూ నటనను మెచ్చుకోవడంలో పడతారు.

పదోదానిలో కాలిగ్యులా నడిరాత్రి ముగ్గురు పెద్దమనుషులను పిలిపిస్తాడు. వాళ్లు చావుకే అనుకొని వణుకుతుంటే, తను బంగారు రంగు వేషంలో ఉషస్సులా నాట్యం చేస్తాడు. గది పడి పడి నవ్వుతుంది. నాట్యం ముగియగానే ఆపండి, నవ్విన ముఖాలు ఇంకా అట్లనే ఉండగా. తెర మీద ముగ్గురూ చప్పట్లెందుకు కొట్టారని అడగండి. ఇలాంటి సంఘటనను రోమ్ చరిత్రకారుడు సుటోనియస్ నిజంగానే రాసి పెట్టాడు.

ముందే చెప్పాల్సిన హెచ్చరికలు

ఇది పిల్లలతో చూసేది కాదు. ఎనిమిదో ఎపిసోడ్‌లో టైబీరియస్ నమ్మిన అధికారి సెజానస్ పిల్లలను చంపడం, అంటోనియా కన్నబిడ్డను గదిలో పెట్టి తాళమేసి తలుపు బయటే కూచోవడం ఉంటాయి. తొమ్మిదోదానిలో గర్భిణి మీద ఘోరం జరుగుతుంది. కథ చెప్పకుండానే ‘‘ఇవాళ గర్భిణి మీద హింస ఉంది, వద్దనుకున్నవాళ్లు ఆఖరి ఐదు నిమిషాలు బయట కూచోవచ్చు’’ అంటే చాలు. నెత్తురు చూపించేది తక్కువే, చివరి దృశ్యాన్ని తీసినవాళ్లే కత్తిరించారు. అయినా తలుపు తెరుచుకున్నాక క్లాడియస్ ముఖం చూస్తే చాలు, రాత్రి నిద్ర పట్టదు. ఇక టికెట్టు మాత్రం పెట్టొద్దు, బహిరంగంగా డబ్బు తీసుకొని చూపాలంటే హక్కుదారుల అనుమతి కావాలి.

మాటల పుస్తకం

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. పేజీని మూడు గళ్లు చేయండి: ఎపిసోడ్ పేరు, నిమిషం, అన్న మాట. రాసే మనిషి ఇంతకుముందు ఒకసారి చూసినవాడై ఉండాలి. మొదటిసారి చూసేవాడికి పెన్నిస్తే తెర వైపే చూస్తాడు, పేజీ ఖాళీగా ఉంటుంది. టార్చి కాకుండా, ఎర్ర కాగితం చుట్టిన చిన్న బల్బు పెట్టుకుంటే మిగతావాళ్లకు ఇబ్బంది ఉండదు.

మాటను అన్నది అన్నట్టే రాయాలి. ‘‘గీమె పాము కన్న ఘోరమున్నది’’ అన్నదాన్ని ‘‘లివియా పాత్ర క్రూరంగా ఉందని ప్రేక్షకురాలు అభిప్రాయపడ్డారు’’ అని రాస్తే అందులో ప్రాణం పోతుంది. పేరు రాయొద్దు. వయసు ఎంతలో ఉంటుంది, మొదటిసారా కాదా, రోమ్ చరిత్ర చదివారా లేదా - ఈ మూడూ పక్కన చిన్న గుర్తులతో సరిపోతాయి. ఫోన్‌లో గొంతు రికార్డు చేయాలనుకుంటే అందరి ఒప్పుకోలు మొదటి రోజే తీసుకోవాలి. నిశ్శబ్దాన్ని కూడా రాయండి: ‘‘38వ నిమిషం నుంచి 43 దాకా ఎవరూ కదల్లేదు’’ అన్నది అరుపు కన్నా బరువైన స్పందన.

ఎపిసోడ్ అవగానే లైటు వేసి ‘‘ఎట్లుంది?’’ అని అడగడం పాడు అలవాటు. చరిత్ర తెలిసిన ఒక మనిషి గొంతు సవరించుకొని రోమ్ చరిత్రకారుడు టాసిటస్ ఏం రాశాడో మొదలుపెడతాడు, మిగతావాళ్లు తల ఊపుతారు. అందుకని ముందు చీటీలు. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి, ఐదు నిమిషాలు, మాట లేకుండా. మూడే ప్రశ్నలు: ఇవాళ ఎవరి మీద కోపమొచ్చింది? ఎక్కడ అర్థం కాలేదు? ఇకమీద ఏమైతదనుకుంటున్నరు? రెండో దానికి జవాబులు ఒకేచోట గుంపుగా పడితే తప్పు నాటకానిది కాదు, మీ పటానిది. మరుసటి వారం ఆ వరస మళ్లీ చెప్పాలి. చీటీలయ్యాక మాట్లాడే వంతు మొదటిసారి చూసేవాళ్లది, చదువుకున్నవాళ్లది చివర.

మర్నాడు వాట్సాప్‌లో వచ్చే మాటలను కలిపేయొద్దు, వేరే పేజీలో రాయండి. రాత్రి పడుకున్నాక మనిషి మారతాడు. పైగా అప్పటికి నెట్‌లో చదివి ఉంటారు.

‘‘ఇదంతా నిజమేనా?’’

ఈ ప్రశ్న రెండో వారం నుంచే వస్తుంది. ఎనిమిదో వారం దాకా ఆపడం కష్టం. అప్పటికప్పుడు జవాబు చెప్పకుండా ఒక అట్ట ముక్క మీద రాసి పెట్టి, చివర్లో మూడు కుప్పలుగా పంచండి. పాత చరిత్రకారులు రాసినవి ఒక కుప్ప: క్లాడియస్ పరదా వెనక దాక్కుంటే సైనికుడు పట్టి బయటికి లాగడం, క్లాడియస్ భార్య మెస్సలీనా మొగుడు బతికుండగానే సిలియస్ అనే అతన్ని పెళ్లాడటం. ఈ రెండోదాన్ని నమ్మరేమో అని టాసిటస్‌కే అనుమానం వచ్చింది. పుకార్లు ఇంకో కుప్ప: అంజీర పళ్ల మాట కాసియస్ డయో రాశాడు గానీ, లివియా ఇంతమందికి విషం పెట్టిందనడాన్ని ఇప్పటి చరిత్రకారులు చాలామంది నమ్మరు. తొమ్మిదో ఎపిసోడ్ ముగింపు మూడో కుప్ప, ఉత్త కల్పన. కాలిగ్యులా గుర్రం సంగతి మధ్యలో పడుతుంది: సుటోనియస్ రాసింది దాన్ని కాన్సుల్‌ను (రోమ్‌లో పెద్ద పదవి) చేద్దామనుకున్నాడట అని మాత్రమే, తెర మీద ఏకంగా సెనేటర్‌ను చేసేశారు.

కథలో క్లాడియస్ చావు పుట్టగొడుగులతోనే కాబట్టి, చివరి రాత్రి పుట్టగొడుగుల కూర వండాలని ఎవరో ఒకరు అంటారు. వండండి, కానీ అదీ పేర్లు పడ్డాకే. భోజనానికి ముందు ఒక చీటీ పని మిగిలి ఉంటుంది. మొదటి ఆదివారం రాత్రి ‘‘ఈ క్లాడియస్ ఎట్లాంటోడు?’’ అని అందరితో ఒక్క వాక్యం రాయించి, మడిచి కవరులో పెట్టి ఉంచాలి. చివరి రాత్రి అదే ప్రశ్న మళ్లీ అడిగి, కొత్త చీటీ మీద రాయించి, పాతది అప్పుడు చేతికివ్వాలి. పాత చీటీ ముందే ఇస్తే కొత్తదాన్ని దానికి జవాబుగా రాస్తారు. రెండూ పక్కపక్కన పుస్తకం ఆఖరి పేజీలో అంటించాలి. జిగురు ఆరేదాకా పుస్తకం మూయొద్దు, పేజీలు అతుక్కుంటాయి.